పట్టుతప్పిన చెయ్యి, విడువని చెయ్యి

ఎ.ఎల్.ఎస్. వ్యాధిని గ్రహించుటకును, దానితో జీవించుటకును ఒక వేదపాఠము

పఠనభాగములు: కీర్తన 73, యోహాను 9:1-3, 19:28-30, 21:18-19, 2 కొరింథీ 12:7-10

ఉపోద్ఘాతము

ఈ వ్యాధి చప్పుడు చేయక వచ్చును. ఒకనాడు చొక్కా గుండీ పెట్టుకొనుటకు వ్రేళ్లు తడబడును. మరియొకనాడు తాళపుచెవి త్రిప్పుటకు బలము చాలదు. నడచుచుండగా చెప్పు కాలినుండి జారిపోవును. కొందరికి మాట ముద్దగా వచ్చును, నీళ్లు త్రాగునప్పుడు పొలమారును. నొప్పి లేదు గనుక చాలకాలము ఎవరును లక్ష్యపెట్టరు. కొన్ని నెలలు గడచిన తరువాత వైద్యుడు ఒక దీర్ఘమైన ఆంగ్లనామము చెప్పును: ఎమియోట్రోఫిక్ లేటరల్ స్క్లీరోసిస్.

ఆ దినము మొదలుకొని ఆ ఇంట రెండు ప్రశ్నలు నిలుచును. మొదటిది, శరీరమునకు ఏమి జరుగుచున్నది? రెండవది, చేతులు, కాళ్లు, మాట, ఒక్కొక్కటిగా పోయినప్పుడు మిగులు మనుష్యుడు దేవుని యెదుట ఎవడు? మొదటి ప్రశ్నకు వైద్యశాస్త్రము ఉత్తరమిచ్చును. రెండవదానికి వేదమును, సంఘమును ఉత్తరమియ్యవలెను. ఈ పాఠము రెండింటిని కలిపి పరిశీలించును.

1. వ్యాధి స్వభావము

మనుష్యుడు చెయ్యి ఎత్తవలెనని తలంచినప్పుడు ఆ ఆజ్ఞ మెదడులోని చలననాడీకణములలో పుట్టి, వెన్నుపాములోని రెండవ శ్రేణి కణములకు దిగి, అక్కడనుండి కండరమునకు చేరును. ఈ వ్యాధిలో ఆ రెండు శ్రేణుల కణములును క్రమముగా నశించును. పై కణములు నశించుటవలన అవయవములు బిగిసికొనును. క్రింది కణములు నశించుటవలన కండరములు అదరును, కృశించును, బలహీనమగును.

1869లో పారిస్ నగరపు సాల్‌పెట్రియేర్ ఆసుపత్రిలో వైద్యుడగు జాన్ మార్టిన్ షార్కో ఈ వ్యాధిని విశదముగా వర్ణించెను. 1874లో దానికి ఇప్పటి పేరు పెట్టెను. ఎమియోట్రోఫిక్ అనగా కండరమునకు పోషణ లేకపోవుట. లేటరల్ అనగా వెన్నుపాము ప్రక్కభాగము. స్క్లీరోసిస్ అనగా గట్టిపడుట. అమెరికాలో దీనిని లూ గెహ్రిగ్ వ్యాధి అందురు. వరుసగా 2130 పోటీలలో ఆడిన ఆ బేస్‌బాల్ ఆటగాడు 1939లో ఈ వ్యాధిచేత ఆట మాని, 1941లో 37 సంవత్సరముల వయస్సున మరణించెను.

ఐరోపా, ఉత్తర అమెరికా దేశముల లెక్కలనుబట్టి ప్రతి లక్షమందిలో సంవత్సరమునకు సుమారు ఇద్దరికి ఈ వ్యాధి క్రొత్తగా వచ్చుచున్నది. 50 ఏండ్లు దాటినవారిలో ఎక్కువ. నూటికి సుమారు 90 మంది విషయములో కుటుంబములో మరెవరికిని ఇది ఉండదు. మిగిలిన 10 మందిలో వంశపారంపర్యముగా కనబడును. అట్టి కుటుంబములలో కారణమగు మొదటి జన్యువు 1993లో కనుగొనబడెను. ఇది అంటువ్యాధి కాదు. రోగి త్రాగిన గ్లాసువలనగాని, అతనికి చేసిన పరిచర్యవలనగాని ఎవరికిని రాదు.

వ్యాధి మొదలైన తరువాత చాలమంది రెండు మొదలుకొని ఐదు సంవత్సరములు జీవింతురు. పదిమందిలో ఒకరు పది సంవత్సరములకు మించి జీవించుట కలదు. 1963లో, 21వ యేట ఈ వ్యాధిగలవాడని తెలిసికొనిన శాస్త్రజ్ఞుడు స్టీఫెన్ హాకింగ్ 2018 వరకు బ్రదికెను. అది మిక్కిలి అరుదైన సంగతి. దానిని చూపి ప్రతి రోగికిని దీర్ఘాయుష్షు వాగ్దానము చేయరాదు. సగటు లెక్కలు చూపి ఎవరికిని దినములు గణించియు చెప్పరాదు.

2. పోవునవి, నిలుచునవి

కదలిక, మాట, మ్రింగు శక్తి, తుదకు ఊపిరి పీల్చు బలము పోవును. అయితే చూపు, వినికిడి, స్పర్శ సాధారణముగా నిలుచును. కన్నుల కదలిక చాలకాలము నిలుచును. మంచముమీద కదలక యుండువాడు దోమ కుట్టినట్లు తెలిసికొనును గాని తోలుకొనలేడు. ప్రక్కగదిలో తన వైద్యపు ఖర్చునుగూర్చి మాటలాడుకొను బంధువుల మాటలన్నియు అతనికి వినబడును. గనుక అతని యెదుట, అతడు లేనట్లు, అతనిగూర్చి మాటలాడుట క్రూరత్వము.

మనస్సు ఎన్నడును చెడదనియు చెప్పరాదు. రోగులలో దాదాపు సగముమందికి ఆలోచనలోగాని ప్రవర్తనలోగాని కొంత మార్పు కలుగును. నూటికి 10 నుండి 15 మందికి అది స్పష్టమైన బుద్ధిమాంద్యముగా పరిణమించును. కొందరు కారణము లేకయే ఏడ్తురు, లేదా నవ్వుదురు. ప్రార్థన జరుగుచుండగా రోగి ఆపుకొనలేక నవ్వినయెడల అది అపహాస్యము కాదు, భక్తిహీనతయు కాదు. నాడుల అదుపు తప్పుటవలన కలిగిన లక్షణము. కాపరులును పెద్దలును ఈ సంగతి ఎరిగియుండుట మేలు.

3. నిర్ధారణయు చికిత్సయు

ఈ వ్యాధిని ఒకే పరీక్షచేత నిశ్చయింపలేరు. నాడీవైద్యుడు రోగిని పరీక్షించి, కండరములలోని విద్యుత్తును కొలుచు ఇ.ఎం.జి. పరీక్ష చేయించి, ఎం.ఆర్.ఐ. చిత్రములవలన ఇతర వ్యాధులు లేవని తెలిసికొని నిర్ణయించును. మెడ ఎముకలు అరిగి వెన్నుపామును నొక్కుటవలనను చేతులు కృశించును. దానికి శస్త్రచికిత్స కలదు. కొన్ని నాడీవ్యాధులు ఇమ్యునోగ్లోబులిన్ మందువలన తగ్గును. దక్షిణభారతమున ముఖ్యముగా మరియొకటి జ్ఞాపకముంచుకొనవలెను. 1970లో మద్రాసు వైద్యులు వర్ణించినందున దానికి మద్రాసు మోటార్ న్యూరాన్ వ్యాధి అని పేరు. అది యౌవనములో మొదలై, ముఖకండరములను బలహీనపరచి, వినికిడిని తగ్గించును గాని చాల నెమ్మదిగా నడచును. గనుక సరియైన నిర్ధారణ కాకముందే నిరాశపడుట తగదు. బలహీనత లేక కనురెప్పగాని పిక్కగాని అప్పుడప్పుడు అదరినంతమాత్రమున ఈ వ్యాధి వచ్చినదని భయపడనక్కరలేదు.

వ్యాధిని పూర్తిగా కుదుర్చు మందు ఇంకను లేదు. 1995లో అమెరికాలో ఆమోదము పొందిన రిలుజోల్ ఆయుష్షును కొన్ని నెలలు పొడిగించును. ఎడరవోన్ అను మందు 2015లో జపానులోను, 2017లో అమెరికాలోను ఆమోదము పొందెను. ఎస్.ఒ.డి.1 అను జన్యువులో దోషమున్న కొద్దిమందికి టోఫర్సెన్ అను మందు 2023లో అమెరికాలో ఆమోదింపబడెను.

అయితే మందులకంటె పరిచర్యయే ఎక్కువ మేలు చేయుచున్నది. ముఖమునకు తొడిగెడి శ్వాసయంత్రమును రాత్రివేళ వాడుటవలన అనేకులకు నిద్ర కుదిరి ఆయుష్షును పెరుగును. ఉదయమున తలనొప్పి, వెల్లకిల పండుకొనలేకపోవుట, పగటి నిద్రమత్తు, ఇవి ఊపిరి బలము తగ్గుచున్నదని తెలుపు గురుతులు. నీళ్లు, పలుచని చారు సులభముగా పొలమారును. చిక్కని జావ, పెరుగు, మెత్తగా కలిపిన అన్నము మేలు. బరువు తగ్గుచున్నయెడల, ఊపిరి మిక్కిలి బలహీనపడకముందే, కడుపులోనికి గొట్టము అమర్చుటనుగూర్చి వైద్యునితో మాటలాడవలెను.

4. ఎవరు పాపము చేసిరి?

వ్యాధి పేరు తెలిసిన వారములోనే ఈ ప్రశ్న ఇంటికి వచ్చును. కొందరు దానిని పైకి అడుగుదురు. కొందరు ప్రార్థనలో ఇమిడ్చి అడుగుదురు. పుట్టుగ్రుడ్డివానిని చూచి శిష్యులు అడిగినదియు ఇదియే. ప్రభువు వాని పాపమును కారణముగా చూపలేదు, వాని తలిదండ్రుల పాపమును చూపలేదు. ఆయన వారి చూపును వెనుకకు గాక ముందుకు, దేవుడు చేయబోవు క్రియవైపు త్రిప్పెను. యోబు స్నేహితులు ఏడు దినములు మౌనముగా కూర్చున్నంతకాలము ఓదార్పుగా నుండిరి; కారణము వెదకుట మొదలుపెట్టినప్పుడే బాధకులైరి.

స్వస్థతకై ప్రార్థింపవలెనా? తప్పక ప్రార్థింపవలెను. సంఘపు పెద్దలను పిలిపించుమని యాకోబు పత్రిక ఆజ్ఞాపించుచున్నది. కాని స్వస్థత కలుగనప్పుడు, నీకు విశ్వాసము చాలలేదని రోగితో చెప్పుటకు ఎవరికిని అధికారము లేదు. పౌలు తన శరీరములోని ముల్లునుగూర్చి ముమ్మారు వేడుకొనెను. ముల్లు తొలగలేదు. కృప చాలునను ఉత్తరము దొరకెను. ఆ అపొస్తలుని విశ్వాసము కొరవడినదని ఏ సంఘమును నేటివరకు చెప్పలేదు. అట్టి మాట చెప్పి శ్వాసయంత్రమును తీసివేయించువాడును, పొలమును అమ్మించి బూటకపు మందులు కొనిపించువాడును రోగికి రెండవ వ్యాధియగుచున్నాడు.

5. ఫ్రాంక్‌ఫర్ట్ నగరమున ఒక అనువాదకుడు

ఈ వ్యాధితో జీవించినవారిలో వేదపాఠకులు ప్రత్యేకముగా తెలిసికొనదగినవాడు ఫ్రాంజ్ రోజెన్‌జ్వైగ్. ఆయన 1886లో జర్మనీలోని కాసెల్ నగరమున యూదుల కుటుంబములో జన్మించెను. 1913లో క్రైస్తవుడు కావలెనని నిశ్చయించుకొని, అదే సంవత్సరము ప్రాయశ్చిత్తదినపు ఆరాధన అనంతరము యూదుడుగానే నిలిచెను. గనుక ఆయనను క్రైస్తవ సాక్షిగా చెప్పుకొనుట న్యాయము కాదు. అయితే క్రైస్తవులు చదువు కీర్తనలనే, యెషయానే ఆయనయు చదివెను. ఆ లేఖనములతో ఆయన ఈ వ్యాధిని ఎట్లు సహించెనో తెలిసికొనుట మేలు.

1921లో ఆయన ప్రధాన గ్రంథము అచ్చుపడెను. 1922 ఆరంభమున వ్యాధి బయటపడెను. వైద్యులు ఒక సంవత్సరము బ్రదుకునని తలంచిరి. ఆయనకు అప్పటికి 35 ఏండ్లు. ఆ సంవత్సరమే కుమారుడు పుట్టెను. ఆ సంవత్సరాంతమునకు చెయ్యి వ్రాయుట మానెను. 1923లో మాట పూర్తిగా పోయెను. ఆరాధనకు వెళ్లలేకపోగా స్నేహితులు ఆయన ఇంటనే కూడి విశ్రాంతిదినారాధన జరిపిరి. చేతిని పైనుండి వ్రేలాడు పట్టీలో ఉంచి, ప్రత్యేకమైన టైపుమిషను పలకమీద ఆయన ఒక్కొక్క అక్షరమును చూపుచుండగా భార్యయగు ఎడిత్ దానిని కొట్టుచుండెను. ఆ బలమును తగ్గిన తరువాత ఆమె పదమును ఊహించి అడుగగా ఆయన సైగతో సమ్మతి తెలుపుచుండెను.

ఈ స్థితిలోనే 1925లో మార్టిన్ బూబర్ అను పండితునితో కలిసి హెబ్రీ వేదమును జర్మను భాషలోనికి అనువదింప మొదలుపెట్టెను. మొదట లూథరు అనువాదమును సవరించి చూచిరి. అది పొసగదని తెలిసికొని క్రొత్తగా ఆరంభించిరి. బూబర్ వ్రాసి పంపిన ప్రతిని రోజెన్‌జ్వైగ్ మాట మాటకు పరీక్షించి, అక్షరమక్షరముగా అభిప్రాయము తెలుపుచుండెను. ఆదికాండము 1925లోనే అచ్చుపడెను. 1929 డిసెంబరు 10న ఆయన మరణించునప్పటికి వారి పని యెషయా 53వ అధ్యాయమునకు, అనగా వ్యాధిగ్రస్తుడై తృణీకరింపబడిన సేవకుని వర్ణనకు, చేరియుండెను. మరణమునకు ముందు ఆయన తెలుపుచుండిన ఒక వాక్యము వైద్యుడు వచ్చుటచేత మధ్యలో ఆగెను. అది మరల కొనసాగలేదు. ఒంటరిగా మిగిలిన బూబర్ ఆ వేదానువాదమును 1961లో ముగించెను.

ఇందులో రెండు సంగతులు గమనింపదగును. రోజెన్‌జ్వైగ్ చేసిన పని ఒంటరివాని పని కాదు. భార్య చెయ్యి, స్నేహితుని కలము, ఇంటికి వచ్చిన ఆరాధకులు, వీరందరు కలిసి ఆ పనిని మోసిరి. మరియు ఆయన వ్యాధి జయింపబడలేదు. పని పూర్తికాకయే ఆయన వెళ్లిపోయెను. అట్లయినను పూర్తికాని ఆ జీవితమును వ్యర్థమని ఎవరనగలరు?

6. డెబ్బదిమూడవ కీర్తన

రోజెన్‌జ్వైగ్ కోరినప్రకారము ఆయన సమాధియొద్ద బూబర్ 73వ కీర్తనను చదివెను. ఆ కీర్తనలోని 23వ వచనపు మాటలు సమాధిఫలకముమీద చెక్కబడెను. ఆ కీర్తన ఈ వ్యాధిగలవారికి ఎందుకు తగినదో ఆలోచింపవలెను.

ఆసాపు మొదట అసూయతో మాటలాడుచున్నాడు. దుష్టులకు వేదనలు లేవు, వారి దేహములు పుష్టిగా నున్నవి, తనకైతే దినమెల్ల బాధయే. ఆరోగ్యవంతులను చూచినప్పుడు రోగికి కలుగు ఈ అసూయను వేదము దాచలేదు. దానిని ఆరాధనగ్రంథములోనే చేర్చినది. పిమ్మట ఆసాపు దేవుని పరిశుద్ధస్థలమునకు వెళ్లి, తాను పశువువలె తెలివిలేనివాడై యుంటినని ఒప్పుకొనును. అప్పుడు 23వ వచనము వచ్చును. అతడు నిత్యము దేవునితోనే యున్నాడు. ఎట్లు? అతడు దేవుని పట్టుకొనినందున కాదు. దేవుడే అతని కుడిచేతిని పట్టుకొనియున్నందున.

ఈ వ్యాధి చేతి పట్టును తీసివేయును. భక్తిని మనుష్యుని పట్టుగా ఎంచినయెడల, ప్రార్థించు నోరు, పాడు గొంతు, మోకరించు కాళ్లు పోగానే భక్తియు పోయినదనవలసి వచ్చును. కీర్తనకారుడు వేరుగా బోధించుచున్నాడు. విశ్వాసికి ఆధారము అతడు పట్టుకొను చెయ్యి కాదు, అతనిని పట్టుకొనిన చెయ్యి. దేహమును హృదయమును క్షీణించినను దేవుడే తన పాలు అని 26వ వచనములో అతడు చెప్పుటకు కారణమిదియే.

23వ వచనములో నిత్యము అను అర్థమిచ్చు హెబ్రీ పదము తామీద్. నిర్గమకాండము, సంఖ్యాకాండములలో ఉదయమొకటి, సాయంకాలమొకటి అర్పించు నిత్యబలికిని ఆ పదమే వాడబడినది. ఆ బలిలో విశేషమేమియు లేదు, ప్రతిదినము అదే గొఱ్ఱెపిల్ల, అదే పిండి, అదే నూనె. రోగికి ఉదయము ముఖము కడుగుట, అన్నము తినిపించుట, ప్రక్కకు ఒత్తిగిల్లజేయుట, సాయంకాలము మరల అదియే చేయుట, ఇదియు అట్టి నిత్యసేవయే. చూచి మెచ్చుకొనువారు లేకపోయినను అది దేవుని యెదుట అర్పణమే.

7. కదలని చేతులతో ముగిసిన పని

ఇతరులకు భారమగుచున్నానను తలంపు రోగిని వ్యాధికంటె ఎక్కువ బాధించును. తన చేతితో సంపాదించి, నలుగురికి పెట్టి బ్రదికినవానికి మరియొకరు ముద్ద తినిపించుట అవమానముగా తోచును. అట్టివాడు సిలువవైపు చూడవలెను. రోగులను ముట్టి బాగుచేసిన చేతులు అక్కడ మేకులచేత కదలక యున్నవి. దప్పిగొన్న ప్రభువు తన చేతితో నీళ్లు తీసికొనలేదు. మరియొకడు హిస్సోపు పుడకకు స్పంజీ తగిలించి నోటికి అందించెను. ఆయన దానిని పుచ్చుకొనెను. తాను చేయవచ్చిన పని సమాప్తమైనదని ఆయన పలికినది ఆ స్థితిలోనే. చేతులు కదలని ఆ గడియలలోనే లోకరక్షణ నెరవేరెను. గనుక పరులు తినిపింపగా తినువాడు దేవుని స్వరూపమును పోగొట్టుకొనినవాడు కాడు.

8. ఇంటివారును సంఘమును చేయదగినవి

మాట పూర్తిగా పోకముందే మాటకు మార్గము సిద్ధపరచవలెను. కంటిచూపుతో నడచు కంప్యూటరు యంత్రములు నేడు కలవు. అవి లేని ఇంట ఒక అట్టముక్క చాలును. తెలుగు వర్ణమాల ఇందుకు మిక్కిలి అనుకూలమైనది. అచ్చులు ఒక వరుస, కవర్గము ఒక వరుస, చవర్గము ఒక వరుసగా పెద్ద అక్షరములతో వ్రాసి, మొదట వరుసను, పిమ్మట అక్షరమును, తరువాత గుణింతమును అడుగుచుండగా రోగి రెప్పపాటుతో అవును అనును. ఒక వాక్యమునకు పది నిమిషములు పట్టవచ్చును. సందర్శకుడు ఆ పది నిమిషములు ఓపికతో కూర్చుండవలెను. అతని వాక్యమును ముందుగా ఊహించి ముగింపవలెనన్నచో అతని సెలవు అడుగవలెను.

పరిచర్య చేయువారికి విశ్రాంతి కావలెను. సాధారణముగా ఆ భారము భార్యమీదనో, కోడలిమీదనో, కుమార్తెమీదనో పడును. పక్షవాతముగలవానిని నలుగురు మోసికొని వచ్చిరని మార్కు 2వ అధ్యాయము చెప్పుచున్నది. ఒక్కరు మోసినయెడల మంచము నేలకొరుగును. సంఘములో నలుగురు వంతులు వేసికొని వారమునకొక రాత్రియైనను మేల్కొనియున్నయెడల ఆ ఇల్లాలు నిద్రించును. ప్రభురాత్రి భోజనమును రోగి ఇంటికి తీసికొని వెళ్లవలెను. మ్రింగలేనివానికి ఒక చుక్కతో పెదవులు తడిపినను చాలును. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టము దీర్ఘకాల నాడీవ్యాధులను గుర్తించుచున్నది. ధ్రువపత్రము సంపాదించుటకు చదువుకొనిన యౌవనస్థులు తోడ్పడవచ్చును.

కఠినమైన ఒక నిర్ణయమును ముందుగానే మాటలాడుకొనవలెను. గొంతునకు రంధ్రము చేసి ఎల్లకాలము యంత్రముమీద ఊపిరి నిలుపవలెనా, వద్దా? యంత్రమును కోరుకొనుట అవిశ్వాసము కాదు. దానిని వద్దనుట ఆత్మహత్యయు కాదు. ప్రాణము తీయుట వేరు, మరణమును యంత్రముచేత పొడిగింపకుండుట వేరు. తన కోరికను ముందుగా వ్రాసియుంచు హక్కును 2018 మార్చిలో సుప్రీంకోర్టు అంగీకరించెను. 2023లో ఆ పద్ధతిని సులభము చేసెను: ఇద్దరు సాక్షుల యెదుట సంతకము చేసి, నోటరీచేతగాని గెజిటెడ్ అధికారిచేతగాని ధ్రువీకరింపజేయవలెను. ఊపిరాడక పెనుగులాడి చనిపోదునేమో అను భయము ప్రతి రోగికిని కలదు. ఉపశమన చికిత్స చక్కగా జరిగినయెడల చాలమంది నెమ్మదిగా, అనేకులు నిద్రలోనే, వెళ్లుదురని వైద్యుల అనుభవము. ఆయాసమును తగ్గించు మందులును కలవు. ఈ సంగతిని దాచక చెప్పుట రోగికి గొప్ప ఓదార్పు.

9. పేతురునకు చెప్పబడిన మాట

పునరుత్థానుడైన ప్రభువు పేతురుతో అతని ముసలితనమునుగూర్చి చెప్పెను. యౌవనమున తానే నడుము కట్టుకొని ఇష్టమైనచోటికి వెళ్లినవాడు, తరువాత చేతులు చాపును, మరియొకడు అతనికి నడుము కట్టి, అతనికి ఇష్టముకాని చోటికి మోసికొనిపోవును. అట్టి మరణమువలన అతడు దేవుని మహిమపరచునని యోహాను వివరించుచున్నాడు. ఆ వెంటనే ప్రభువు తన్ను వెంబడింపుమని పిలిచెను. నడువలేనివాడు ఎట్లు వెంబడించును? మోయబడుచు వెంబడించును. అదియు వెంబడించుటయే. అట్టివానిని మోయు భాగ్యము సంఘమునకు ఇయ్యబడియున్నది.

చర్చించుటకు ప్రశ్నలు

1. దీర్ఘవ్యాధిగల ఇంటికి వెళ్లినప్పుడు సాధారణముగా చెప్పబడు మాటలలో ఏవి యోబు స్నేహితుల మాటలవలె నున్నవి?

2. కీర్తన 73లో ఆసాపు తన అసూయను దాచక చెప్పుటవలన రోగికిని, పరిచర్య చేయువారికిని ఏ ధైర్యము కలుగుచున్నది?

3. ఇతరులచేత సేవ పొందుట, ఇతరులకు సేవ చేయుటకంటె కష్టమని తోచుటకు కారణమేమి? యోహాను 13:6-9తో పోల్చి చూడుడి.

4. మీ సంఘములో మంచము మోయు ఆ నలుగురు ఎవరు? ఈ నెలలో వారు వెళ్లవలసిన ఇల్లు ఏది?